పుస్తకంలోకి ఎక్కని రిపేరు: ఒక పాత లేలాండ్ బస్సు కేసు

నేపథ్యం

ఉత్తర ఇంగ్లండ్‌లో, ఒకప్పుడు బస్సు డిపోగా ఉన్న ఇటుక షెడ్డులో నడుస్తున్న పాత బస్సుల మ్యూజియంలో నేను శనివారాలు పనిచేస్తున్నాను. అక్కడ జీతం తీసుకునేవారు ఒక్కరూ లేరు. గేటు దగ్గర టికెట్లు ఇచ్చేవారి నుంచి పిట్‌లో దిగి గేర్‌బాక్సు విప్పేవారి వరకు అందరూ వాలంటీర్లే. టికెట్ల డబ్బు, సభ్యత్వ రుసుము, టీ గది ఆదాయం, అప్పుడప్పుడు వచ్చే విరాళాలతోనే మ్యూజియం నడుస్తుంది. నేను ఆర్టీసీ డిపోలో మెకానికల్ విభాగంలో పనిచేసి రిటైరై, పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడ్డాక, చేతులు ఊరుకోక ఇందులో చేరాను. మ్యూజియం పేరు, బస్సు నంబరు, అది మొదట తిరిగిన ఊరు ఈ కేసులో రాయడం లేదు. ఈ రకం బస్సులు బ్రిటన్‌లో చాలాచోట్ల భద్రంగా ఉన్నాయి కాబట్టి ఆ వివరాలు లేకపోయినా చెప్పదలచినదానికి లోటు రాదు.

బ్రిటన్‌లో పాత బస్సులను కాపాడే పనిని చాలావరకు మొదలుపెట్టింది సొంత జేబులోంచి డబ్బు తీసిన అభిమానులే. 1929 నాటి టీ31 అనే లండన్ బస్సును 1956లో కొందరు మిత్రులు కలిసి కొనుక్కున్నారు. ప్రైవేటు వ్యక్తులు భద్రపరచిన తొలి లండన్ బస్సుగా దానికి పేరుంది. మన దగ్గర హైదరాబాద్ బస్‌భవన్‌లో కనిపించే ఆల్బియన్ బస్సు కథ వేరు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన కాలానికి చెందిన ఆ బస్సును రవాణా సంస్థే దాచుకుంది. ఈ తేడా కేసుకు ముఖ్యం. సంస్థ దగ్గర ఉన్న బండికి రిజిస్టర్లు, హిస్టరీ కార్డులు, సంతకాలు వెంట ఉంటాయి. అభిమానుల చేతుల్లో పెరిగిన బండి చరిత్ర చాలావరకు మనుషుల జ్ఞాపకంలోనే ఉంటుంది. ఆ మనుషులు ముసలివారవుతారు, ఊళ్లు మారతారు, రావడం మానేస్తారు.

కేసులోని బస్సు 1950లలో తయారైన లేలాండ్ టైటాన్ పీడీ2. అది రెండంతస్తుల బస్సు. డ్రైవరుకు కుడివైపు విడిగా సగం క్యాబు, ఆయన ఎడమ పక్కన బానెట్ కింద ఇంజను, ముందువైపు బయటికే కనిపించే నిలువు రేడియేటరు ఉంటాయి. ఇంజను ఓ.600, అంటే 9.8 లీటర్ల, ఆరు సిలిండర్ల డీజిల్. లేలాండ్ అనేది లాంకషైర్‌లో ఒక ఊరి పేరు. మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్‌గా మారింది ఆ ఊరి కంపెనీతో కలిసినందుకే. అందువల్ల ఈ బస్సు బానెట్ ఎత్తిన మొదటి రోజు నాకు పరాయి బండిని చూస్తున్నట్టు అనిపించలేదు. ఆ చనువు వల్ల తర్వాత కొంత నష్టం కూడా జరిగింది.

ఫిర్యాదు

వేసవిలో కొన్ని ఆదివారాలు మ్యూజియం బస్సులు రోడ్డెక్కుతాయి. సందర్శకులను ఎక్కించుకుని దగ్గరలోని పార్కు దాకా తిప్పి తీసుకొస్తాము. దారిలో మైలుకు పైగా సాగే ఒక ఎత్తు ఉంది. అలాంటి ఒక ఆదివారం ఈ బస్సు మొదటి రెండు ట్రిప్పులు బాగానే తిరిగి, మూడో ట్రిప్పులో నిండుగా జనంతో ఉండగా కాగిపోయింది. రేడియేటరు మూత దగ్గర ఆవిరి చిమ్మింది, ఓవర్‌ఫ్లో పైపు నుంచి గోధుమరంగు నీళ్లు రోడ్డు మీదికి కారాయి. ప్రయాణికులను దించి, అరగంట ఆగి, నీళ్లు పోసుకుని నెమ్మదిగా వెనక్కి తెచ్చారు. క్యాబులో ఉష్ణోగ్రత మీటరు లేదు కాబట్టి ముందస్తు హెచ్చరిక కూడా అందలేదు.

మరుసటి శనివారం నేను డ్రైవరును అడిగి తెలుసుకుని, నా నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసుకున్నాను: "లోడుతో ఎత్తు ఎక్కుతుండగా కాగింది." ఆయన అసలు చెప్పింది అది కాదు. ఎత్తు ఎక్కడం అయిపోయి, పైన స్టాపులో ఆగి, జనం దిగుతుండగా ఒక్కసారిగా పొంగిందని చెప్పారు. నేను ముప్పై ఏళ్ల అలవాటుతో ఆ మాటను నాకు తెలిసిన అచ్చులో పోసి కుదించాను. ఈ చిన్న తప్పుకు మూల్యంగా రెండు నెలలు పోగొట్టుకున్నాము.

చేసి చూసినవి

మొదట థర్మోస్టాట్ మీద, అంటే నీళ్లు వేడెక్కాకే వాటిని రేడియేటరులోకి వదిలే వాల్వు మీద, అనుమానం వచ్చింది. విప్పడం తేలిక, ఖర్చు లేదు, చెడిపోవడం మామూలే, కాబట్టి అక్కడ మొదలుపెట్టడంలో తప్పు లేదు. దాన్ని టీ గదిలోని పాత గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి మరిగించాము. టీ గది చూసుకునే ఆవిడ ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడనని అప్పుడే ప్రకటించారు. ఇప్పటికీ అది వర్క్‌షాపులోనే ఉంది. నీళ్లు డెబ్భై ఎనిమిది డిగ్రీలు దాటగానే వాల్వు మెల్లగా లేచి, తొంభై లోపే పూర్తిగా తెరుచుకుంది. అంటే అది బాగానే ఉంది.

ఎందుకైనా మంచిదని థర్మోస్టాట్ లేకుండానే నడుపుదామని ఇద్దరు సూచించారు. మన దగ్గర కూడా లారీ మెకానిక్కులు వేసవి వచ్చిందంటే చేసే పని ఇదే. నేను ఒప్పుకోలేదు. ఈ రకం అమరికలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు నీళ్లు రేడియేటరును తప్పించుకుని పోయే బైపాస్ దారిని మూస్తుంది కూడా. దాన్ని తీసేస్తే కొంత నీరు చల్లబడకుండానే ఇంజనులోకి తిరిగి పోతుంది. పైగా చలి దేశంలో ఇంజను వేడెక్కకుండా నడిస్తే డీజిల్ పూర్తిగా కాలక బోరు గోడల మీద నూనెను కడిగేస్తుంది. వీటన్నిటికంటే నాకు పెద్ద అభ్యంతరం ఏమిటంటే, బాగున్న భాగాన్ని తీసేసి బండిని పరీక్షిస్తే ఆ తర్వాత కనిపించే లక్షణం దేనివల్ల వచ్చిందో చెప్పలేము.

రెండో అనుమానం హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్లు ఉండే ఇంజను దిమ్మకు (బ్లాకుకు), దాని పైమూతకు (సిలిండర్ హెడ్డుకు) మధ్య ఉండే సీలు. ఇక్కడ మా మధ్య అభిప్రాయభేదం గట్టిగానే వచ్చింది. అనుభవజ్ఞుడైన ఒక వాలంటీరు సిలిండర్ హెడ్లు విప్పి చూసేస్తే ఏదో ఒకటి తేలిపోతుందని పట్టుబట్టారు. జీతాలిచ్చే డిపోలో అయితే నేను కూడా అదే అనేవాడిని. అక్కడ రెండో షిఫ్టు ఉంటుంది, స్టోర్సులో గ్యాస్కెట్టు ఉంటుంది. ఇక్కడ హెడ్లు విప్పితే వారానికి ఒక రోజు పనితో సీజనంతా బస్సు షెడ్డులోనే ఉండిపోతుంది. డెబ్భై ఏళ్ల నాటి స్టడ్డు ఒక్కటి విరిగినా కొత్త పని నెత్తిన పడుతుంది. కాబట్టి విప్పకుండా తేల్చే పరీక్షలు ముందు చేద్దామన్నాను. రేడియేటరు మూత తీసి ఇంజను వేగం పెంచి చూస్తే బుడగలు రాలేదు. పై ట్యాంకులోని ఆవిరిని నీలం ద్రావకం గుండా పీల్చే పరీక్ష కూడా చేశాము. మండిన గ్యాసు నీళ్లలోకి వస్తుంటే ఆ ద్రావకం రంగు మారాలి. అది నీలంగానే ఉంది. హెడ్ల జోలికి పోలేదు.

మూడోది రేడియేటరు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పై ట్యాంకును, కింది ట్యాంకును, మధ్యలో సన్నటి గొట్టాలు, రెక్కలు ఉండే కోరు మీద అడ్డంగా నిలువుగా జాన దూరానికో చోట కొలిచి, సుద్దముక్కతో నేల మీదే పటం గీసి అంకెలు వేశాము. పై ట్యాంకు తొంభై రెండు, కింది ట్యాంకు అరవై ఒకటి. కుడివైపు అడుగున ఒక పెద్ద మేర చేయి పెట్టగలిగినంత చల్లగా ఉంది. పైకీ కిందికీ తేడా చాలా ఎక్కువగా ఉంటే నీళ్లు మెల్లగా పారుతున్నాయని అర్థం. రెండూ వేడిగా ఉండి తేడా తక్కువగా ఉంటే గాలి తగలడం లేదనో, రెక్కలు మూసుకుపోయాయనో అనుకోవాలి. ఇది మొదటి రకం. గొట్టాలు పూడిపోయాయి.

రేడియేటరు దించి, తలకిందులుగా నిలబెట్టి, కింది నుంచి పైకి నీళ్లు తోసి కడిగాము. మొదట తుప్పు నీళ్లు, ఆ తర్వాత మడ్డి, మడ్డితోపాటు రాగి రంగులో మెరిసే చిన్న రవ్వలు వచ్చాయి. ఆ రవ్వలను అరచేతిలో పెట్టుకుని చూసి కూడా ఇవి ఎక్కడివని నేను ఆ రోజు అడగలేదు. సిట్రిక్ ఆమ్లంతో ఒక రాత్రి నానబెట్టి, మళ్లీ కడిగి, బిగించాము. శనివారం ఉదయం, చల్లటి గాలిలో, బస్సులో నలుగురం కూర్చుని పార్కు దాకా పోయి వచ్చాము. చుక్క కూడా పొంగలేదు. ట్యాంకుల మధ్య తేడా ముప్పై ఒకటి నుంచి పద్నాలుగు డిగ్రీలకు తగ్గింది. కేసు ముగిసిందని కమిటీకి చెప్పాను.

విఫలమైన చోటు

తర్వాతి ఆదివారం, అదే స్టాపులో, నిండు బస్సు మళ్లీ పొంగింది.

పరీక్ష తప్పుగా చేశామని ఆ సాయంత్రమే ఒప్పుకున్నాను. నిండు లోడుతో, ఎండలో, మూడో ట్రిప్పులో వచ్చిన ఫిర్యాదును ఖాళీ బస్సుతో, చలిలో, మొదటి ట్రిప్పులో పరీక్షించి పాసు చేశాను. ఇది కొత్తవాడు చేసే తప్పు. దాన్ని నేను చేయడానికి కారణం పైన చెప్పిన చనువే. రేడియేటరులో దొరికిన మడ్డి నా ఊహకు సరిపోయింది కాబట్టి అంతకుమించి అడగడం మానేశాను.

ఈసారి డ్రైవరును మళ్లీ కూర్చోబెట్టి, ఆయన మాటలను కుదించకుండా రాసుకున్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఏమీ లేదు. ఆగి, ఇంజను ఐడ్లింగ్‌కు దిగిన నిమిషంలోపే పొంగింది. రెండుసార్లూ అంతే. ఈ వాక్యం కాగితం మీద చూశాక దారి మారింది. చల్లార్చే సామర్థ్యమే చాలకపోతే నీళ్లు ఎత్తు మధ్యలోనే మరగాలి. ఆగిన తర్వాత పొంగుతున్నాయంటే, ఇంజను లోపల ఎక్కడో ఒక చోట ఇనుము మిగతా భాగం కంటే బాగా వేడెక్కి ఉందని, పంపు జోరుగా తిరుగుతున్నంతసేపు ఆ వేడిని నీళ్లు లాక్కుపోతున్నాయని, పంపు నెమ్మదించగానే అక్కడ ఆవిరి బుడగ పుట్టి మిగతా నీళ్లను బయటికి నెడుతోందని అనుకోవాలి. అంటే చూడాల్సింది బ్లాకు లోపల.

వేడి ఇంజను పక్కన ముందు నుంచి వెనక్కి కొలుచుకుంటూ పోతే, వెనుక రెండు సిలిండర్ల దగ్గర గోడ మిగతాచోట్ల కంటే పదిహేను డిగ్రీలకు పైగా వేడిగా ఉంది. చల్లారాక బ్లాకు పక్కనున్న డ్రెయిన్ కాక్ (నీళ్లు వదిలే కుళాయి) తిప్పాము. నీళ్లు రాలేదు. బ్లాకు నిండా నీళ్లున్నాయి, కాక్ పూర్తిగా తెరిచి ఉంది, ఒక్క చుక్క రాలేదు. నేను అక్కడ చేరినప్పటి నుంచి నీళ్లు గడ్డకట్టి ఇంజను పగలకుండా ప్రతి చలికాలం ఈ బస్సు నీళ్లు ఖాళీ చేస్తున్నామనే అనుకున్నాము. నిజానికి కింది హోసు విప్పి రేడియేటరు మాత్రమే ఖాళీ చేస్తున్నాము. తీగ పెట్టి పొడిస్తే మొదట ఏమీ కదలలేదు, తర్వాత రుబ్బిన గోరింటాకు ముద్దలా ఎర్రగా, మెత్తగా ఒక తాడు బయటికి వచ్చింది. దానిలో కూడా రాగి రవ్వలు మెరిశాయి.

ఆ రవ్వలు ఎక్కడివి

అవి రేడియేటరు లీకులు ఆపడానికి నీళ్లలో కలిపే పొడి తాలూకు రవ్వలు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు పోశారో ఏ పుస్తకంలోనూ లేదు. బస్సు ఫైలులో రంగు కోడ్, సీట్ల గుడ్డ కొన్న రసీదు, పాత ఫోటోలు ఉన్నాయి. ఇంజను మీద చేసిన పని గురించి దశాబ్దానికి నాలుగు లైన్లకు మించి లేవు. బయటి నుంచి ఎవరైనా అడుగుతారా అంటే అదీ లేదు. వాణిజ్యంగా తిప్పని, నలభై ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని వాహనాలకు 2018 మే 20 నుంచి వార్షిక ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. మేము ఇష్టపూర్వకంగా చేయిస్తాము కానీ, ఎంఓటీలో బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు చూస్తారు తప్ప సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగే వాటర్ జాకెట్‌లో మడ్డి ఉందా అని చూడరు.

వర్క్‌షాపుకు రావడం మానేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఒకప్పుడు ఈ బస్సు బాధ్యత చూసేవారు. ఆయన ఇంటికి వెళ్లేముందు మాలో ఇద్దరం మాట్లాడుకుని ఒక నిర్ణయం తీసుకున్నాము: తప్పు ఎవరిదో తేల్చడానికి వచ్చినట్టు ఉండకూడదు. తప్పు పట్టుకుంటారని అనిపిస్తే మనిషి గుర్తున్నది కూడా మరిచిపోతాడు. అందుకని గిన్నెలో థర్మోస్టాట్ మరిగించిన కథతో మొదలుపెట్టి, ఆయన కాలంలో చలికి నీళ్లు ఎలా తీసేవారో అడిగాము. టీ రెండోసారి పోసే సమయానికి ఆయనే చెప్పారు. చాలా ఏళ్ల కింద, మరుసటి ఉదయం పాత వాహనాల ర్యాలీ ఒకదానికి బయలుదేరాల్సి ఉండగా, బ్లాకు వెనుక, ఫ్లైవీల్ హౌసింగ్ పక్కన చేయి పట్టని చోట ఒక కోర్ ప్లగ్గు (బ్లాకు గోడలోని రంధ్రాన్ని మూసే లోహపు బిళ్ళ) చెమర్చడం కనిపించింది. దాన్ని మార్చాలంటే ముందు గేర్‌బాక్సు దించాలి. రాత్రి ఎనిమిదైంది. పొడి పోశారు, లీకు ఆగింది, ర్యాలీలో బస్సుకు బహుమతి కూడా వచ్చింది. చలికాలంలో సరిగా చేద్దామనుకున్నారు. చలికాలానికి ఆయన భార్యకు జబ్బు చేసింది, ఆయన రావడం తగ్గిపోయింది.

ఆయన స్థానంలో ఉంటే ఆ రాత్రి నేనూ పొడే పోసేవాడినని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఒక డబ్బా పొడి ఒక్కటే ఇంత మడ్డి చేయదు. కాక్ పూడకముందు చలికి భయపడి ఏటా నీళ్లు తీసేయడం, తడి ఇనుముకు నెలల తరబడి గాలి తగలడం, వసంతంలో మళ్లీ ఉత్త కుళాయి నీళ్లు పోయడం, ఇవన్నీ కలిసి లోపల తుప్పును పెంచాయి. ఆ తుప్పుకు పొడి జిగురులా పనిచేసింది. రెండూ బరువుకు కిందికి దిగి, నీటి ఒరవడి తక్కువగా ఉండే వెనుక మూలలో పేరుకున్నాయి. లీకు ఆగింది కాబట్టి లీకు ఉందన్న సంగతి కూడా మరుగున పడిపోయింది.

ఫలించిన పని

చేయి పట్టే కోర్ ప్లగ్గులన్నీ తీశాము. వాటిలో రెండు స్క్రూడ్రైవరు కొన తగలగానే బొక్కపడ్డాయి. వంచిన చెంచాతో, బాటిల్ బ్రష్షుతో, నీళ్ల పైపుతో మూడు శనివారాలు లోపలి మడ్డి తోడాము. బక్కెట్టులో సగానికి పైగా వచ్చింది. కొత్త ఇత్తడి ప్లగ్గులు కొట్టాము.

రేడియేటరు విషయంలో మళ్లీ చర్చ జరిగింది. కొత్త కోరు వేయిస్తే చల్లదనం ఖాయం, కానీ ఫ్యాక్టరీ నాటి కోరు పోతుంది. మా సేకరణల బాధ్యురాలు, ప్రతి తరం ఒక్కో భాగం మారుస్తూ పోతే చివరికి మిగిలేది నంబరు ప్లేటేనని అన్నారు. నేను సాధారణంగా రోడ్డు మీద మనుషులను ఎక్కించుకునే బండికి భద్రతే ముందని వాదించేవాడిని. ఇక్కడ మాత్రం ఆమె మాట సరైనదనిపించింది, ఎందుకంటే కోరు పాడైందని మా కొలతలు చెప్పలేదు, పూడిందనే చెప్పాయి. పై ట్యాంకు విప్పి, ఒక్కో గొట్టంలో సన్నటి కడ్డీ దింపి శుభ్రం చేసి, తిరిగి సోల్డర్ చేయించాము. కొత్త కోరు ఖర్చులో నాలుగో వంతుతో అయిపోయింది.

ఆ తర్వాత నీళ్లు తీసే ఆచారం మానేసి, తుప్పు నిరోధకం ఉన్న యాంటీఫ్రీజ్ కలిపి ఏడాదంతా నింపే ఉంచుతున్నాము. బిగించాక పరీక్షకు ఇసుక బస్తాలు, నీళ్ల క్యాన్లు, పన్నెండుమంది వాలంటీర్లను ఎక్కించి, మధ్యాహ్నం ఎండలో వరుసగా నాలుగు ట్రిప్పులు తిప్పాము. ప్రతిసారీ పైన స్టాపులో కావాలనే ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో నిలబెట్టి కొలిచాము. పై ట్యాంకు ఎనభై ఆరు దాటలేదు. బ్లాకు వెనుక, ముందు గోడల తేడా నాలుగు డిగ్రీలకు వచ్చింది.

పుస్తకం సంగతి

ఇంజను బాగుపడ్డాక మిగిలిన పని రాసిపెట్టడం. దీనిలోనూ నా మొదటి ప్రయత్నం దెబ్బతింది. డిపో లాగ్ షీటు, హిస్టరీ కార్డు గుర్తు చేసుకుని రెండు పేజీల ఫారం తయారు చేశాను. భాగం పేరు, కొలత, పాత స్థితి, కొత్త స్థితి, సంతకం అన్నిటికీ గళ్లు పెట్టాను. రెండు నెలల్లో మూడు ఫారాలు నిండాయి, మూడూ నావే. డిపోలో లాగ్ షీటు రాయకపోతే మెమో వస్తుంది. ఇక్కడ మెమో ఇస్తే మనిషి వచ్చే శనివారం రాడు, అంతే. ఇష్టంతో వచ్చి గ్రీజు పూసుకునే మనిషికి రాతపని ఎందుకు భారమో ఆ ఫారం మళ్లీ చదివితే నాకే అర్థమైంది.

రెండోసారి ఒక గట్టి అట్ట నోటుబుక్కును దారంతో, పెన్సిల్‌తో కలిపి ప్రతి బస్సు క్యాబు తలుపు లోపల కట్టాము. ఒక్కటే నియమం: ఆ రోజు బండిని ముట్టుకున్నవారు ఒక్క వాక్యం రాయాలి, తాత్కాలికంగా చేసిన పనిని ఎర్ర పెన్సిల్‌తో రాయాలి. పదకొండు గంటల టీకి ముందు, ఆ రోజు ఏ బస్సు మీద పని ఉందో దాని చివరి పేజీని ఎవరో ఒకరు పైకి చదువుతారు. చదివేటప్పుడు పక్కవారు "అది నేను చేశాను, ఇంకో సంగతి కూడా ఉంది" అని అందుకుంటారు, అది కూడా రాస్తాము. పని సాగేలా చేసింది ఈ చదవడమే. తాను రాసింది ఎవరో చదువుతున్నారని తెలిస్తే మనిషి రాస్తాడు. డ్రైవర్ల మాటను డ్రైవర్ల మాటల్లోనే రాయాలన్న నియమం నేను నా కోసం చేర్చుకున్నాను.

బస్సు అప్పటి నుంచి రెండు వేసవులు తిరిగింది. ఫ్లైవీల్ హౌసింగ్ పక్కనున్న ఆ ఒక్క ప్లగ్గును మాత్రం మేము మార్చలేదు. గేర్‌బాక్సు దించే పని వచ్చినప్పుడు చేద్దామని నిర్ణయించాము, అంటే ఆ పెద్దాయన అనుకున్నదే మేమూ అనుకున్నాము. ఆ సంగతి నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్ర పెన్సిల్‌తో ఉంది. దాని కింద ప్రతి శనివారం ఎవరో ఒకరు చిన్న అద్దం, టార్చి పెట్టి చూసి తేదీ వేస్తున్నారు. చివరగా చేరిన కుర్రాడు పోయిన వారం రాసిన వాక్యం ఇది: "ప్లగ్గు పొడిగా ఉంది, అద్దం పగిలింది, కొత్తది కావాలి."